వైకల్యం ఉన్న డ్రైవర్‌ను తాగి నడిపారని అరెస్టు చేస్తే: అమెరికాలో ఆ కేసును ఎదుర్కొనే విధానం

పక్షవాతం నుంచి కోలుకున్న మనిషికి మాట ముద్దగా వస్తుంది. పార్కిన్సన్స్ ఉన్నవారి అడుగు తడబడుతుంది. లోపలి చెవి దెబ్బతిన్నవారికి ఒంటికాలిమీద నిలబడటం అసాధ్యం. రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోయినవారు అడిగిన ప్రశ్నకు పొంతన లేని జవాబు చెబుతారు. రాత్రివేళ రోడ్డు పక్కన టార్చిలైటు వెలుగులో చూసే పోలీసు అధికారికి వీటిలో ప్రతి ఒక్కటీ మత్తు లక్షణంగానే కనిపించవచ్చు. పోలీసుల బలప్రయోగానికి కొలమానం నిర్ణయిస్తూ అమెరికా సుప్రీంకోర్టు 1989లో ఇచ్చిన గ్రాహం వర్సెస్ కానర్ తీర్పు వెనుక ఉన్నది కూడా ఇలాంటి పొరపాటే. ఇన్సులిన్ వికటించి నారింజ రసం కోసం దుకాణానికి వెళ్లి, అక్కడి వరుస చూసి వెంటనే బయటికి పరుగెత్తిన మధుమేహ రోగిని పోలీసులు ఆపి, తాగి ఉన్నాడనుకుని చేతులకు బేడీలు వేశారు.

ఇలాంటి అరెస్టును సవాలు చేయవచ్చు. అయితే ‘నాకు వైకల్యం ఉంది కాబట్టి కేసు కొట్టేయండి’ అనే వాదన ఒక్కటే ఏ కోర్టులోనూ నిలవదు. పోలీసు రిపోర్టులో రాసిన ఒక్కొక్క లక్షణానికీ ఎదురుగా, అరెస్టుకు ముందే మీ వైద్య రికార్డుల్లో నమోదైన ఒక్కొక్క కారణాన్ని చూపించగలిగితే నిలుస్తుంది. ఈ వ్యాసంలోని పనులన్నీ ఆ జత కుదర్చడం కోసమే. రాష్ట్రాన్ని బట్టి నిబంధనలు మారతాయి, నేరం పేరు కూడా మారుతుంది. ఎక్కువ చోట్ల డీయూఐ (డ్రైవింగ్ అండర్ ది ఇన్‌ఫ్లుయెన్స్) అంటారు, టెక్సాస్, న్యూయార్క్ వంటి రాష్ట్రాల్లో డీడబ్ల్యూఐ (డ్రైవింగ్ వైల్ ఇంటాక్సికేటెడ్) అంటారు. కాబట్టి ఇక్కడ చెప్పినదాన్ని మీ రాష్ట్రంలో ఈ కేసులు వాదించే న్యాయవాదితో సరిచూసుకున్న తర్వాతే అడుగు వేయాలి.

ఇంకొక విషయం మొదటే తెలుసుకోవాలి. రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతం, యూటాలోనైతే 2018 డిసెంబరు 30 నుంచి 0.05 శాతం, లేదా అంతకు మించి ఉంటే నడక ఎలా ఉన్నా, మాట ఎలా ఉన్నా అదే ఒక నేరం. సరిగ్గా తీసిన రక్త నమూనాలో ఆ అంకె నిజంగా వచ్చి ఉంటే, వైకల్యం ఆ అంకెను చెరిపేయదు. వైకల్యం ప్రధానంగా పనికొచ్చేది మూడు సందర్భాల్లో: పరీక్షలో ఆల్కహాల్ తక్కువగా వచ్చినా, అసలు రాకపోయినా తూలుతున్నారని కేసు పెట్టినప్పుడు, ఊపిరిలో ఆల్కహాల్‌ను కొలిచే బ్రెత్ యంత్రంలోకి ఊదలేకపోయినందుకు ‘పరీక్షకు నిరాకరించారు’ అని రాసినప్పుడు, అరెస్టు చేయడానికే తగిన కారణం లేదని వాదించగలిగినప్పుడు.

మొదటి పది రోజులు

అరెస్టుతో రెండు వేర్వేరు వ్యవహారాలు మొదలవుతాయి. ఒకటి క్రిమినల్ కోర్టులో కేసు. రెండోది మోటారు వాహనాల శాఖ లైసెన్సును నిలిపివేసే చర్య. చాలామంది కోర్టు తేదీ కోసం ఎదురుచూస్తూ రెండోదాన్ని పట్టించుకోరు. గడువు దాటాక కోర్టులో గెలిచినా లైసెన్సు అప్పటికే పోయి ఉంటుంది. నోటీసు అందిన తర్వాత లైసెన్సు నిలిపివేతపై హియరింగ్ కోరడానికి కాలిఫోర్నియాలో 10 రోజులు, టెక్సాస్‌లో 15 రోజులు, జార్జియాలో 30 రోజులు గడువు ఉంటుంది. ఫ్లోరిడాలో కూడా 10 రోజులే. అధికారి మీ లైసెన్సు తీసుకుని చేతిలో పెట్టిన పసుపు లేదా గులాబీ రంగు కాగితం చాలాసార్లు తాత్కాలిక లైసెన్సే కాక ఆ నోటీసు కూడా అయి ఉంటుంది. చూపు లేదా చదివే సామర్థ్యం పరిమితంగా ఉన్నవారు ఆ కాగితాన్ని ఆ రోజే ఎవరిచేతనైనా పూర్తిగా చదివించుకోవాలి.

ఈ హియరింగ్‌లో గెలిచే అవకాశం తక్కువగా ఉన్నా కోరడం మంచిది. అధికారిని సాక్షిగా పిలిపించగలిగితే ఆయన ప్రమాణం చేసి చెప్పిన మాట రికార్డవుతుంది. ‘మీకు ఏవైనా శారీరక సమస్యలు ఉన్నాయా అని అడిగారా? డ్రైవర్ ఏమన్నారు?’ అన్న ప్రశ్నలకు ఆయన ఇక్కడ ఒక జవాబు చెప్పి, నెలల తర్వాత కోర్టులో మరొకటి చెబితే ఆ తేడా మీ న్యాయవాదికి పనికొస్తుంది.

విడుదల కాగానే ఒంట్లో ఏ మాత్రం తేడాగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. తూలడానికి, మాట తడబడటానికి అసలు కారణం కొత్తగా వచ్చిన పక్షవాతమో, మూర్ఛ తర్వాతి మగతో, చక్కెర పడిపోవడమో అయి ఉండవచ్చు. అవి ప్రాణం మీదికి వచ్చే పరిస్థితులు. కేసు సంగతి తర్వాత. అయినా ఆ రోజు ఆసుపత్రి రాసిన చక్కెర రీడింగు, రక్తపోటు, నరాల పరీక్ష వివరాలు అరెస్టుకు అతి దగ్గరి సమయంలో ఒక తటస్థ వ్యక్తి నమోదు చేసిన సాక్ష్యం అవుతాయి కనుక వాటి విలువ చాలా ఎక్కువ. చాలా రాష్ట్రాల్లో పోలీసు పరీక్ష పూర్తయ్యాక సొంత ఖర్చుతో మరొక రక్త పరీక్ష చేయించుకునే హక్కు కూడా ఉంటుంది. అయితే గంటలు గడిచేకొద్దీ దాని ఉపయోగం తగ్గిపోతుంది.

మొదటి వారంలోనే న్యాయవాది చేత పోలీసు శాఖకు ఆధారాలు భద్రపరచమని కోరే లేఖ పంపించాలి. అధికారి ఒంటిమీది కెమెరా, కారులోని కెమెరా, స్టేషన్‌లోని కెమెరా, రేడియో సంభాషణలు, బ్రెత్ యంత్రం నిర్వహణ రికార్డులు, అన్నీ అందులో పేరుపేరునా అడగాలి. వీడియోలను ఒక్కో శాఖ ఒక్కో కాలపరిమితి తర్వాత చెరిపేస్తుంది కాబట్టి ఆలస్యం చేయకూడదు. ఈ తరహా కేసుల్లో వీడియోకు మించిన సాక్ష్యం లేదని నా అభిప్రాయం. నేల ఏటవాలుగా ఉందా, కాళ్లకు ఏ చెప్పులున్నాయి, మీరు ‘నా మోకాలికి ఆపరేషన్ అయింది’ అని ఎన్నిసార్లు చెప్పారు, రిపోర్టులో ‘తీవ్రంగా తూలుతున్నారు’ అని రాసిన క్షణంలో మీరు నిజంగా ఎలా నిలబడ్డారు అన్నవన్నీ అందులో తెలుస్తాయి.

ఆ రాత్రి జరిగినదంతా మీకు గుర్తున్నది గుర్తున్నట్టు రాసి ‘నా న్యాయవాది కోసం’ అని పైన పెట్టి ఆయనకే ఇవ్వాలి. ఎప్పుడు ఏం తిన్నారు, ఏం తాగారు, ఏ మందు ఎన్ని గంటలకు వేసుకున్నారు, ఎంతసేపు మెలకువగా ఉన్నారు, వినికిడి యంత్రం పెట్టుకున్నారా, చేతికర్ర కారులో ఉండిపోయిందా అన్న వివరాలు కూడా అందులో ఉండాలి. తాగి ఉంటే తాగినట్టే రాయాలి. ఇదే కథను స్నేహితులకు సందేశాలుగా పంపకూడదు, సామాజిక మాధ్యమాల్లో పెట్టకూడదు; అవి ప్రాసిక్యూషన్ చేతికి చేరవచ్చు.

రోడ్డు పక్క పరీక్షలు ఎలా పనిచేస్తాయి

దేశవ్యాప్తంగా పోలీసులకు నేర్పే ప్రామాణిక పరీక్షలు మూడే. జాతీయ రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ కోసం సదరన్ కాలిఫోర్నియా రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ 1970వ దశకంలో మొదలుపెట్టిన పరిశోధన నుంచి ఇవి వచ్చాయి. వాటిని అర్థం చేసుకుంటే మీ కేసులో బలహీనత ఎక్కడుందో మీకే తెలుస్తుంది.

మొదటిది కంటి పరీక్ష. అధికారి పెన్ను లాంటి వస్తువును మీ ముఖం ముందు అటూ ఇటూ కదుపుతారు. కనుగుడ్లు సాఫీగా కాకుండా అదురుతూ కదిలితే దాన్ని నిస్టాగ్మస్ అంటారు. ఒక్కో కంటికి మూడు చొప్పున మొత్తం ఆరు క్లూలలో, అంటే మత్తుకు గుర్తుగా లెక్కించే లక్షణాల్లో, నాలుగు కనిపిస్తే మత్తులో ఉన్నట్టు లెక్క. కానీ ఈ అదురు పుట్టుకతో ఉండవచ్చు, లోపలి చెవి జబ్బు వల్ల, తలకు తగిలిన దెబ్బ వల్ల, మల్టిపుల్ స్క్లెరోసిస్ వల్ల, ఫెనిటాయిన్ వంటి మూర్ఛ మందుల వల్ల కూడా రావచ్చు. రెండు కళ్లూ కలిసి కదులుతున్నాయా, కంటిపాపలు ఒకే పరిమాణంలో ఉన్నాయా అన్నది ముందుగా చూడాలనీ, తేడా ఉంటే అది వైద్య సమస్యకు సంకేతం కావచ్చనీ శిక్షణ పుస్తకమే చెబుతుంది. ఆ ముందు పరిశీలన వీడియోలో కనబడకపోతే, రిపోర్టులో రాయకపోతే దాన్ని ప్రశ్నించాలి. ఒక కన్ను కృత్రిమమైనదైతే ఆరు క్లూల లెక్కే వర్తించదు.

రెండోది నడక. మడమకు బొటనవేలు ఆనించి గీత మీద తొమ్మిది అడుగులు ముందుకు, చెప్పిన తీరులో తిరిగి, తొమ్మిది అడుగులు వెనక్కి. సూచనలు వింటున్నంతసేపూ ఒక పాదం ముందు మరొక పాదం పెట్టి కదలకుండా నిలబడాలి. ఎనిమిది క్లూలలో రెండు చాలు. సూచనలప్పుడు నిలకడ తప్పడం ఒక క్లూ, చేతులను ఆరు అంగుళాలకు మించి ఎత్తడం మరొకటి. అంటే అడుగు వేయకముందే సగం కేసు పూర్తవుతుంది. మూడోది ఒంటికాలిమీద నిలబడటం. పాదాన్ని ఆరు అంగుళాలు ఎత్తి ముప్పై సెకన్ల పాటు లెక్కపెడుతూ ఉండాలి. నాలుగు క్లూలలో రెండు చాలు.

ఈ రెండు పరీక్షల గురించి ఎన్‌హెచ్‌టీఎస్ఏ శిక్షణ పుస్తకంలో ఉన్న ఒక హెచ్చరికను ప్రతి డ్రైవర్, ప్రతి న్యాయవాది గుర్తుంచుకోవాలి. వయసు 65 దాటినవారికి, నడుము, కాలు, లోపలి చెవి సమస్యలున్నవారికి ఈ పరీక్షలు చేయడం కష్టమని మొదటి పరిశోధనల్లోనే తేలిందని అందులో ఉంది. ఒంటికాలి పరీక్ష విషయంలో, ఉండవలసినదాని కంటే 50 పౌండ్లు లేదా అంతకంటే ఎక్కువ బరువున్నవారిని కూడా అందులో చేర్చారు. పొడిగా, గట్టిగా, చదునుగా ఉన్న నేల మీద పరీక్ష పెట్టాలని, రెండు అంగుళాలు మించిన మడమ చెప్పులుంటే విప్పే అవకాశం ఇవ్వాలని కూడా ఉంది. అధికారిని ఆయన శిక్షణ పుస్తకంతోనే ప్రశ్నించడం కంటే బలమైన ప్రశ్న మరొకటి ఉండదు.

పరిశోధనల్లో ఈ పరీక్షలకు చెప్పిన కచ్చితత్వం కూడా తెలుసుకోవాలి. 1981 నాటి అంచనాలో కంటి పరీక్షకు 77 శాతం, నడకకు 68 శాతం, ఒంటికాలి పరీక్షకు 65 శాతం అన్నారు; 1998లో శాన్ డియాగో పరిశోధన ఇంకా ఎక్కువ అంకెలు చెప్పింది. ఇవి ఆల్కహాల్ పరిమితి దాటిందా లేదా అన్నదాన్ని ఊహించడానికి చేసిన పరీక్షలే తప్ప, కారు నడిపే సామర్థ్యాన్ని కొలిచేవి కావు. ఆ తేడాను జ్యూరీకి నిదానంగా వివరించాలి, ఎందుకంటే ఒంటికాలిమీద నిలబడలేని ఎందరో మనుషులు, చేతులతో నడిపే కంట్రోళ్లు అమర్చిన కార్లను ఏళ్ల తరబడి సురక్షితంగా నడుపుతున్నారు.

మరొక ప్రశ్న కూడా ఉంది: కూర్చుని చేసే పరీక్ష ఎందుకు పెట్టలేదు? పడవలు నడిపేవారి కోసం కూర్చునే చేయించే పరీక్షలు అమెరికాలో వాడుకలో ఉన్నాయి. కంటి పరీక్షతో పాటు వేలిని ముక్కుకు తాకించడం, అరచేతులు తట్టడం వంటివి అందులో ఉంటాయి. రోడ్డు మీద అవి తప్పనిసరి కాదు. అయినా వీల్‌చైర్ వెనుక సీటులో కనిపిస్తున్నా నిలబెట్టి నడిపించారంటే, పరీక్ష ఫలితం కంటే ఆ నిర్ణయమే ప్రశ్నార్థకమవుతుంది.

చాలా రాష్ట్రాల్లో ఈ మూడు పరీక్షలూ స్వచ్ఛందం; ‘నా ఆరోగ్య సమస్య వల్ల ఇవి చేయలేను’ అని మర్యాదగా చెప్పవచ్చు. కొన్నిచోట్ల నిరాకరణను సాక్ష్యంగా చూపించవచ్చు గానీ, లైసెన్సు పోదు. అరెస్టు తర్వాతి బ్రెత్ లేదా రక్త పరీక్ష అలాంటిది కాదు. దానికి నిరాకరిస్తే, మొదటిసారే అయినా, కాలిఫోర్నియా, ఫ్లోరిడాల్లో ఏడాదిపాటు, టెక్సాస్‌లో 180 రోజులు లైసెన్సు నిలిచిపోతుంది.

క్లూకు ఎదురుగా కారణం

పోలీసు రిపోర్టు చేతికి వచ్చాక ఒక కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేయాలి. ఎడమవైపు అధికారి రాసిన ప్రతి లక్షణం ఆయన మాటల్లోనే: ఎర్రబడిన కళ్లు, ముద్ద మాట, లైసెన్సు తీయడంలో తడబాటు, సూచనలు గుర్తుంచుకోలేకపోవడం, తలుపు పట్టుకుని నిలబడటం. కుడివైపు ఒక్కొక్కదానికీ మీ రోగ నిర్ధారణ, దాన్ని నమోదు చేసిన డాక్టరు, తేదీ. కుడివైపు ఖాళీగా మిగిలిన లక్షణాలు ఉంటే వాటిని ఖాళీగానే వదలాలి. అన్నింటికీ వైకల్యమే కారణమని సాగదీస్తే నిజమైనవాటి మీద కూడా నమ్మకం పోతుంది.

అరెస్టు తర్వాత రాయించిన ఉత్తరం కంటే ముందునుంచీ ఉన్న రికార్డు ఎన్నో రెట్లు బలమైనది. న్యూరాలజిస్టు క్లినిక్‌లో ‘ట్యాండమ్ గెయిట్’ అని రాసే పరీక్ష, మడమకు వేలు ఆనించి నడిపించేదే. పోలీసు నడక పరీక్షకూ దానికీ పెద్ద తేడా లేదు. ఫిజియోథెరపిస్టులు వాడే బెర్గ్ బ్యాలెన్స్ స్కేల్‌లో ఒక పాదం ముందు మరొక పాదం పెట్టి నిలబడటం, ఒంటికాలిమీద నిలబడటం రెండూ ఉన్నాయి. అరెస్టుకు ఆరు నెలల ముందు, ఒక్క చుక్క తాగని పట్టపగలు, థెరపిస్టు ముందు మీరు మూడు సెకన్లకు మించి ఒంటికాలిమీద నిలబడలేకపోయారని రాసి ఉంటే, రోడ్డు పక్క పరీక్ష గురించి వేరే వాదనే అక్కరలేదు. అందుకే డాక్టరు ఇచ్చే సారాంశంతో సరిపెట్టుకోకుండా, థెరపీ నోట్స్ సహా పూర్తి రికార్డులను అడిగి తెప్పించుకోవాలి.

డాక్టరు రాసే లేఖలో రోగం పేరు మాత్రమే ఉంటే చాలదు. ఆ రోగం వల్ల మీలో కనిపించే లక్షణాలేమిటి, అవి అలసట వల్ల, చలి వల్ల, ఒత్తిడి వల్ల పెరుగుతాయా, మీరు వేసుకునే మందులు కళ్లమీద, మాటమీద ఏ ప్రభావం చూపుతాయి, ఈ లక్షణాలు మద్యం తాగకున్నా ఉంటాయా అన్న నాలుగింటికీ సూటి జవాబులుండాలి. వీటితో పాటు వైకల్యం ఉన్నవారికి ఇచ్చే పార్కింగ్ ప్లకార్డు, మెడికల్ గుర్తింపు కడియం, లైసెన్సు మీదున్న షరతులు, మీ మాట తీరు, నడక తీరు ఏళ్లుగా ఎరిగిన సహోద్యోగుల సాక్ష్యం కూడా పనికొస్తాయి.

ఆటిజం, మేధో వైకల్యం, తలకు దెబ్బ తగిలిన తర్వాతి మార్పులు ఉన్నవారి విషయంలో కాగితం మీద ఇంకాస్త లోతుగా వెళ్లాలి. నడక పరీక్ష కాళ్లను మాత్రమే పరీక్షించదు. ఒకేసారి సూచనలు విని, గుర్తుంచుకుని, వరుసగా అమలు చేసే శక్తిని పరీక్షిస్తుంది. కళ్లలోకి చూడకపోవడం, ఆలస్యంగా జవాబివ్వడం, ఒకే మాట తిరిగి అనడం రిపోర్టులో అనుమానాస్పద ప్రవర్తనగా మారతాయి. ఇక్కడ జ్ఞాపకశక్తి, ఏకాగ్రత వంటివాటిని పరీక్షించి ఇచ్చే న్యూరోసైకాలజీ నివేదిక అవసరం.

బ్రెత్, రక్త పరీక్షలు

బ్రెత్ యంత్రాలు కనీస పరిమాణంలో ఊపిరిని కోరతాయి. వాడుకలో ఉన్న రకాల్లో అది 1.1 నుంచి 1.5 లీటర్ల దాకా ఉంటుంది. తీవ్రమైన ఆస్తమా, సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు, కండరాల బలహీనత ఉన్నవారు అంత ఊదలేరు. ముఖం ఒకవైపు పక్షవాతం ఉన్నవారు గొట్టం చుట్టూ పెదవులు బిగించలేరు. యంత్రం ‘నమూనా చాలలేదు’ అంటుంది, అధికారి ‘నిరాకరణ’ అని రాస్తారు. న్యూజెర్సీ సుప్రీంకోర్టు 2008లో స్టేట్ వర్సెస్ చన్ తీర్పులో 60 ఏళ్లు దాటిన మహిళలు 1.5 లీటర్లు ఊదలేకపోవచ్చని గుర్తించి, వారికి 1.2 లీటర్ల హద్దు పెట్టింది. చేయలేకపోవడం వేరు, చేయనని అనడం వేరు అన్న ఈ తేడాను నిరూపించడానికి స్పైరోమెట్రీ (ఊపిరితిత్తుల సామర్థ్య పరీక్ష) నివేదికలు కావాలి. ఆ సమయంలోనే ‘ఊదలేను, రక్తం తీసుకోండి’ అని స్పష్టంగా, వీలైతే కెమెరాకు వినబడేలా, చెప్పి ఉంటే అది అన్నిటికంటే గట్టి ఆధారం.

కడుపులోని ఆమ్లం పైకి తన్నే జీఈఆర్‌డీ ఉంటే నోటిలోకి వచ్చిన ఆల్కహాల్ ఊపిరి రీడింగును పెంచవచ్చు. పరీక్షకు ముందు 15 నిమిషాలు, కొన్నిచోట్ల 20 నిమిషాలు, త్రేన్పులు, వాంతి లేకుండా గమనించాలన్న నిబంధన అందుకే ఉంది. వీడియోలో ఆ సమయమంతా అధికారి కంప్యూటరు వైపు తిరిగి ఉంటే అడగాలి. మధుమేహం తీవ్రమైనప్పుడు ఊపిరిలో వచ్చే ఎసిటోన్ గురించి ఇంటర్నెట్‌లో చాలా రాస్తారు. దాని వాసనను మద్యం వాసనగా పొరబడటం నిజంగా జరుగుతుంది గానీ, స్టేషన్లలోని ఆధునిక ఇన్‌ఫ్రారెడ్ యంత్రాలు ఎసిటోన్‌ను వేరుచేసేలా తయారైనవి. ఆ ఒక్క వాదన మీద కేసును ఆనించవద్దు.

రక్తం ఆసుపత్రి ల్యాబులో పరీక్షించినదైతే అది సీరమ్ (రక్తకణాలు తీసేసిన ద్రవం) మీద చేసినదా, మొత్తం రక్తం మీద చేసినదా అని చూడాలి. సీరమ్‌లో ఆల్కహాల్ అంకె మొత్తం రక్తంలో కంటే ఎక్కువగా వస్తుంది. చట్టం చెప్పే 0.08 మొత్తం రక్తానికి సంబంధించినది. వారెంటు లేకుండా, సమ్మతి లేకుండా రక్తం తీశారా అన్నది మరో ప్రశ్న. 2013 నాటి మిసోరీ వర్సెస్ మెక్‌నీలీ, 2016 నాటి బర్చ్‌ఫీల్డ్ వర్సెస్ నార్త్ డకోటా తీర్పులు ఇక్కడ ఆధారం.

ఆల్కహాల్ సున్నా వచ్చినంత మాత్రాన వదిలేస్తారనుకోకూడదు. తర్వాతి అనుమానం మందులమీదికి వెళ్తుంది. ప్రత్యేక శిక్షణ పొందిన అధికారి పన్నెండు అంచెల పరీక్షలో నాడి, రక్తపోటు, కంటిపాపల పరిమాణం, కండరాల బిగువు చూస్తారు. ఇవన్నీ జబ్బుల వల్ల మారేవే. డాక్టరు రాసిన మందే అయినా, దాని వల్ల మత్తులో నడిపితే అది రక్షణ కాదని కాలిఫోర్నియా సహా పలు రాష్ట్రాల చట్టం చెబుతుంది. కనుక మందుల జాబితాను న్యాయవాది చూడకముందు ఎవరికీ ఇవ్వవద్దు.

కోర్టులో రెండు వేర్వేరు ప్రశ్నలు

ఒకే వైద్య సాక్ష్యం రెండు చోట్ల రెండు రకాలుగా పనిచేస్తుంది, ఈ తేడా తెలియక మంచి కేసులు కూడా దెబ్బతింటాయి. అరెస్టు చెల్లదని సాక్ష్యాలను తొలగించమని కోరే దరఖాస్తులో జడ్జి చూసేది, అధికారికి ఆ క్షణంలో తెలిసిన విషయాల ప్రకారం అరెస్టుకు తగిన కారణం ఉందా అని. అధికారికి తెలియని రోగం అక్కడ అంతగా పనికిరాదు. కాబట్టి ఆ దరఖాస్తులో ముఖ్యమైనవి ఆయన చూసినవి, విన్నవి: అద్దానికి వేలాడుతున్న ప్లకార్డు, కృత్రిమ కాలు, మీరు చెప్పిన మాటలు, ఆయన అడగని ప్రశ్నలు.

విచారణలో ప్రశ్న వేరు. అక్కడ ప్రాసిక్యూషన్ మీరు మత్తులో ఉన్నారని సందేహానికి తావు లేకుండా నిరూపించాలి. అధికారికి ఆ రాత్రి తెలియకపోయినా, డాక్టరు వచ్చి చెప్పే ప్రతి కారణమూ సందేహాన్ని పెంచుతుంది. దరఖాస్తు వీగిపోయిందని నిరాశపడి కేసు వదులుకోవడం తొందరపాటు. ముద్ద మాట వీడియోను మాత్రం మిరాండా హక్కుల (అరెస్టయినవారు మౌనంగా ఉండే హక్కు వంటివి) పేరుతో తొలగించడం కష్టం. మాట తీరు శారీరక సాక్ష్యమే తప్ప వాంగ్మూలం కాదని సుప్రీంకోర్టు 1990లో పెన్సిల్వేనియా వర్సెస్ మ్యూనిజ్‌లో చెప్పింది. దానికి విరుగుడు, మీరు మామూలుగా మాట్లాడే పాత వీడియోలు.

ఏడీఏ ఎంతవరకు ఆదుకుంటుంది

1990 నాటి అమెరికన్స్ విత్ డిజెబిలిటీస్ చట్టం, అంటే ఏడీఏ, రెండో భాగం రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాలకు, పోలీసు శాఖలకు కూడా వర్తిస్తుంది. వైకల్య లక్షణాలను నేరంగా పొరబడి అరెస్టు చేయడం, అరెస్టు సమయంలో తగిన సదుపాయం కల్పించకపోవడం అనే రెండు రకాల ఫిర్యాదులను 1999లో పదో సర్క్యూట్ కోర్టు (ఫెడరల్ అప్పీళ్ల కోర్టుల్లో ఒకటి) గోహియర్ వర్సెస్ ఎన్‌రైట్‌లో వివరించింది. పక్షవాత లక్షణాలున్న డ్రైవర్‌ను తాగి ఉన్నారని అరెస్టు చేసిన కేసులో 1994లోనే మెయిన్ రాష్ట్రంలోని ఫెడరల్ జిల్లా కోర్టు ఏడీఏ దావాను ముందుకు సాగనిచ్చింది.

అయితే ఆశలు హద్దులో ఉండాలి. ఏడీఏ ఉల్లంఘన సాధారణంగా నష్టపరిహార దావాకు ఆధారం. క్రిమినల్ కేసును దానంతట అది కొట్టివేయించదు. 2007లో బర్కోల్ వర్సెస్ మయామీ-డేడ్ కౌంటీలో బధిర డ్రైవర్ వాదనను పదకొండో సర్క్యూట్ తోసిపుచ్చింది. రాత్రి రోడ్డు పక్కన దుబాసీ కోసం ఆగడం సాధ్యం కాదని, స్టేషన్‌లో జరిగిన సంభాషణ సరిపోయిందని అభిప్రాయపడింది. టెక్సాస్ ఉన్న అయిదో సర్క్యూట్ 2000 సంవత్సరం నుంచే, ఘటనా స్థలం అదుపులోకి రాకముందు పోలీసులు చేసే చర్యలకు ఏడీఏను వర్తింపజేయడం లేదు. కనుక రోడ్డు పక్క జరిగినదాని కంటే స్టేషన్‌లో జరిగినదాని మీద, ముఖ్యంగా పరీక్షకు నిరాకరిస్తే ఏమవుతుందో చెప్పే హెచ్చరికను అర్థమయ్యేలా అందించారా అన్నదాని మీద, ఎక్కువ దృష్టి పెట్టాలి.

కోర్టులో మీకు కావలసిన సదుపాయాల విషయంలో మాత్రం హక్కు గట్టిది. సైగల దుబాసీ, పెద్ద అక్షరాల కాగితాలు, మధ్యమధ్య విరామాలు, వీల్‌చైర్ దారి ఉన్న గది కావాలని కోర్టు ఏడీఏ సమన్వయకర్తకు ముందుగానే రాతపూర్వకంగా అడగాలి. న్యాయవాదిని పెట్టుకునే స్థోమత లేకపోతే ప్రభుత్వం తరఫున నియమించే న్యాయవాది, పబ్లిక్ డిఫెండర్, వస్తారు. వైకల్య హక్కుల విషయంలో సాయానికి ప్రతి రాష్ట్రంలోనూ ఫెడరల్ చట్టం ప్రకారం ఏర్పడిన ఒక రక్షణ సంస్థ ఉంది, కాలిఫోర్నియాలో డిజెబిలిటీ రైట్స్ కాలిఫోర్నియా, టెక్సాస్‌లో డిజెబిలిటీ రైట్స్ టెక్సాస్.

గెలిచే వాదనే లైసెన్సుకు ముప్పు కాకుండా

ఈ కేసుల్లో ఎక్కువమంది ఆలోచించని ప్రమాదం ఒకటుంది. ‘నా జబ్బు వల్ల కాళ్లు అదుపులో ఉండవు, కళ్లు కుదురుగా ఉండవు’ అని కోర్టులో నిరూపించుకుంటే, అదే రికార్డు మోటారు వాహనాల శాఖకు చేరి, డ్రైవింగుకు మీరు అర్హులేనా అని వైద్యపరమైన పునఃపరిశీలనకు పిలిపించవచ్చు. మూర్ఛ, స్పృహ తప్పడం వంటి వాటిలో ఈ ముప్పు మరీ ఎక్కువ. అందుకే డాక్టరు లేఖలో, నిలబడటంలోని ఇబ్బంది డ్రైవింగును ప్రభావితం చేయదన్న మాట నిజమైతే అది కూడా ఉండాలి. పునరావాస కేంద్రాల్లో చేసే డ్రైవింగు మదింపు నివేదిక ఉంటే ఇంకా మంచిది.

హెచ్-1బీ, ఎఫ్-1 వంటి వీసాలమీద ఉన్న మనవారికి మరొక చిక్కు. 2015 నుంచి అమలవుతున్న విదేశాంగ శాఖ మార్గదర్శకాల ప్రకారం, గత అయిదేళ్లలో తాగి నడిపిన అరెస్టు ఉంటే, శిక్ష పడకపోయినా, కాన్సులేటు వీసాను రద్దు చేయవచ్చు. అమెరికాలో ఉన్న మీ హోదా దానివల్ల వెంటనే పోదు గానీ, దేశం దాటి వెళ్తే కొత్త వీసా కోసం దరఖాస్తు చేసి, కాన్సులేటు గుర్తించిన ప్యానెల్ డాక్టరు పరీక్షకు హాజరు కావలసి రావచ్చు. అరెస్టు వైకల్యాన్ని పొరబడటం వల్ల జరిగిందని చూపే రికార్డుల ప్రతులను, కేసు కొట్టివేత ఉత్తర్వు ధ్రువీకృత ప్రతిని ఆ రోజు కోసం భద్రపరచుకోవాలి. తల్లిదండ్రుల అనారోగ్యం కబురు విని హఠాత్తుగా విమానం ఎక్కవలసి వచ్చేవారు ప్రయాణానికి ముందు ఇమిగ్రేషన్ న్యాయవాదితో తప్పక మాట్లాడాలి.

రాజీ ప్రతిపాదన వచ్చినప్పుడు

ప్రాసిక్యూటర్ తరచుగా నేరాన్ని తగ్గించి నిర్లక్ష్యపు డ్రైవింగుగా ఒప్పుకోమంటారు. అలసిపోయిన మనిషికి అది తేలికైన దారిగా కనిపిస్తుంది, కొన్ని కేసుల్లో అది సరైన దారే. కానీ ఒప్పుకునే ముందు, రెండు భాగాలు చేసిన ఆ కాగితాన్ని, వీడియోను, డాక్టరు లేఖను న్యాయవాది ప్రాసిక్యూటర్‌కు ముందుగా చూపించారా అని అడగాలి. రక్తంలో ఆల్కహాల్ లేదని గానీ, తక్కువగా ఉందని గానీ తేలిన కేసుల్లో ఆ కాగితాల బలంతోనే కేసును ఉపసంహరించే అవకాశం ఉంటుంది.

పోలీసుల మీద తర్వాత దావా వేయాలన్న ఆలోచన ఉంటే రాజీకి మరింత ఖరీదు ఉంటుంది. 1994 నాటి హెక్ వర్సెస్ హంఫ్రీ తీర్పు ప్రకారం, నేరం ఒప్పుకుని శిక్ష నిలిచి ఉండగా, ఆ శిక్ష తప్పని తేల్చవలసి వచ్చే పౌర హక్కుల దావా ముందుకు సాగదు. న్యాయ శాఖకు ఏడీఏ ఫిర్యాదు చేయడానికి ఉన్న గడువు ఘటన జరిగిన నాటి నుంచి 180 రోజులు. క్రిమినల్ కేసు అంతకంటే ఎక్కువ కాలం నడవవచ్చు. కాబట్టి ఆ ఫిర్యాదులో మీరు రాసే ప్రతి వాక్యాన్నీ కేసు వాదిస్తున్న న్యాయవాది ముందుగా చదివి ఆమోదించాక, గడువులోపే దాన్ని దాఖలు చేయాలి.